పుకారు గారికి చార్జి ఇచ్చేయండి

2021 జూన్ 7, సోమవారం సాయంత్రం ప్రధానమంత్రి గారు టీవీలో అసలు దోషిని పట్టేశారు. కరోనా టీకాల మీద అనుమానాలు రేపేవాళ్లు, పుకార్లు పుట్టించేవాళ్లు అమాయకుల ప్రాణాలతో ఆడుకుంటున్నారట. ఇక కింది మెట్టు దాకా ఏ మైకు విన్నా అదే పాట: ప్రజలు అపోహలు వీడాలి.

మా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూళ్లనూ తలుచుకుంటే నాకు మాత్రం ఇంకో ఆలోచన తట్టింది. పుకారును తిట్టిపోయడం దేనికి? టీకాల చార్జి దానికే అప్పగిస్తే పోలా?

అర్హతలు చూడండి. ధర్మవరంలో గుంత మగ్గంలో కాళ్లు దించుకుని కూర్చున్న మనిషి దగ్గరికి వైద్య శాఖ అప్పటికి ఇంకా రాలేదు. పుకారు ఎప్పుడో వచ్చి, పక్కన చతికిలబడి, "సూదేసుకున్నోళ్లు రెండేండ్లకు పోతారంట" అని చెప్పి వెళ్లింది. ఫ్రాన్సు దేశపు నోబెల్ శాస్త్రవేత్త పేరు తగిలించుకుని మరీ వచ్చింది. ఆయన అలా అనలేదని ఢిల్లీలో కేంద్ర సమాచార విభాగం పీఐబీ వాళ్లు ఖండన ఇచ్చారు. ఆ ఖండన బయల్దేరే ఉంటుంది. గుంతకల్లు జంక్షన్‌లో సిగ్నల్ కోసం ఆగినట్టుంది.

టీకాను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో దాచాలి. పుకారు అనంతపురం ఎండలో ఇంకా బాగా కాపుకొస్తుంది. కోవిషీల్డ్ సీసా విప్పితే నాలుగు గంటల్లో పది మందికి వెయ్యాల్సి వచ్చేది, లేకుంటే పారబొయ్యడమే. అందుకని నలుగురే పోతే ఏఎన్ఎం అక్క "ఇంకో ఆరుగురిని పిల్చుకోని రా సామీ" అనేది. ఆమెను అని లాభం లేదు, డోసు వృథా అయితే పైనుంచి పడే అక్షింతలు ఆమెకే. పుకారుకు ఆ బాధ లేదు. ఒక్కడు దొరికినా సీసా విప్పుతుంది. పైగా వేయించుకున్నవాడే ఇంటికెళ్లి మరో పది మందికి వేస్తాడు. నెలకు పదివేల గౌరవ వేతనం మీద ఆశా కార్యకర్తను ఎండలో తిప్పే ఖర్చు కూడా ప్రభుత్వానికి మిగులుతుంది.

భాష సంగతి. టీకాకు పేరు రాయించుకునే కోవిన్ పోర్టల్ నెలల తరబడి ఇంగ్లీషే మాట్లాడి, ఆఖరికి తెలుగు నేర్చుకుంది. పుకారు హిందూపురం మార్కెట్లో పొద్దున తెలుగులో, ఆ వెంటనే కన్నడంలో, మాపటికి ఉర్దూలో మాట్లాడుతుంది. ఆధార్ చూపమనదు, ఓటీపీ అడగదు, స్లాటు అయిపోయిందని వెళ్లగొట్టదు. కర్ఫ్యూ వేళ మనకు ఈ-పాస్ కావలసివచ్చేది. అది కొడికొండ చెక్‌పోస్టు దాటి కర్ణాటకలోని బాగేపల్లికి పోయి, అక్కడ కాస్త బలిసి తిరిగొస్తుంది.

ధరలో కూడా ధర్మం ఉంది. 2021 జూన్ దాకా ఒకే కోవిషీల్డ్ సూది కేంద్రానికి 150, రాష్ట్రానికి 300, ప్రైవేటు ఆసుపత్రికి 600 రూపాయలు. ఇలా 18 నుంచి 44 ఏళ్లవాళ్ల చేత డబ్బు కట్టించే విధానం పైకి చూస్తేనే నిర్హేతుకంగా ఉందని సుప్రీంకోర్టు కూడా అంది. పుకారు దేశమంతటా ఉచితం.

అన్నిటికంటే నాకు నచ్చింది దాని నిలకడ. రెండో డోసు నాలుగు వారాలకన్నారు. మార్చిలో ఆరు నుంచి ఎనిమిదన్నారు. మేలో పన్నెండు నుంచి పదహారన్నారు. శాస్త్రం కొత్తది తెలిసినప్పుడు మాట మార్చుకుంటుంది, అది దాని మర్యాద. కానీ సరిగ్గా మందు దొరకని నెలలో గడువు సాగితే పెనుకొండ బస్టాండులో నిలబడ్డ మనిషి ఏమనుకోవాలి? పుకారు మాత్రం రెండేండ్లంటే రెండేండ్లే.

పెద్దల అండ కూడా దానికి తక్కువేం కాదు. 2020 నవంబరులో ఒక సినిమా వేడుకలో మన హిందూపురం ఎమ్మెల్యే నందమూరి బాలకృష్ణ గారు కరోనాకు టీకా రాలేదు, రాబోదు కూడా అని సెలవిచ్చారు. ఆయన హైదరాబాదులో కేన్సర్ ఆసుపత్రికి ఛైర్మన్ కూడాను. రెండు నెలలు తిరక్కుండా రెండు టీకాలకు అనుమతి వచ్చింది. అందులో కోవాగ్జిన్‌కు మూడో దశ ఫలితాలు అప్పటికి రాలేదు. అయినా ఔషధ నియంత్రణ అధిపతి నూటికి నూట పది శాతం సురక్షితమన్నారు. వంద దాటిన ఆ పది శాతం నేరుగా పుకారు ఖాతాలో జమైంది.

జనానికి మందంటేనే భయమట! ఏ పరీక్షా జరగని ఆనందయ్య కరోనా నాటుమందు కోసం 2021 మేలో కృష్ణపట్నంలో తోసుకున్న వేల మంది ఏ దేశం నుంచి వచ్చారు? వాళ్లకు భయం మందంటే కాదు, సర్కారు వారూ, మీరంటే.

ఎందుకు ఉండదు? అదే మే మొదటి వారంలో హిందూపురం ప్రభుత్వాసుపత్రిలో మనుషులు పోయారు. ఆక్సిజన్ అందకే పోయారని బంధువులు గుండెలు బాదుకుంటే, అదేం లేదన్నారు అధికారులు. పదో తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ తగ్గి 11 మంది పోయారు, అక్కడ కాదనడానికి నోరు రాలేదు. నెల తిరక్కముందే అదే యంత్రాంగం వచ్చి మమ్మల్ని నమ్మి చెయ్యి చాపండి, చాపకపోతే మీరు మూఢులు అంది. టీకా మంచిది. వేసుకుంటే ప్రాణం నిలుస్తుంది. నా ఒళ్లు మండేది అందుకే. అంత మంచి మందును ఇంత అధ్వానంగా పంచి, తీసుకోలేదని తీసుకోవలసినవాళ్లనే తిట్టారు.

రావాలనుకుంటే రాలేరా? కియా కార్ల ఫ్యాక్టరీకి భూములు కావలసివచ్చినప్పుడు పెనుకొండ దగ్గరి ఎర్రమంచి దారి ఆఫీసర్లకు బాగానే తెలిసింది. అప్పట్లో యాభై ఇళ్లకో వాలంటీరు ఉండేవాడు, ఒకటో తారీకున కోడి కూయకముందే పింఛను పట్టుకుని తలుపు తట్టేవాడు. సూదేసిన మర్నాడు అదే తలుపు తట్టి "జరమొచ్చిందా పెద్దమ్మా" అని అడిగి రెండు మాత్రలు చేతిలో పెట్టమని అతనికి చెప్పడానికి ఏ చట్టం అడ్డొచ్చింది? జ్వరంతో మంచాన పడితే హిందూపురంలో గార్మెంట్స్‌కు పోయే ఆడమనిషికి రెండు దినాల కూలి పోతుంది. దాన్ని ఎవరిస్తారో ప్రధాని గారు చెప్పలేదు, ముఖ్యమంత్రి గారు చెప్పలేదు. అపోహలు వీడమని మైకులో అరిచేవాళ్లు ముందు ఆ డబ్బు లెక్క తేల్చండి.