సన్నాయికి స్పాన్సరెవరు?

బట్టలుతికే షాపులో ప్రతి వారాంతం అవే మొహాలు. ఒకరినొకరు పలకరించుకోరు. గిర్రున తిరిగే మెషీన్ వంకే చూస్తూ కూర్చుంటారు. బ్రిటిష్ కళాకారుడు ల్యూక్ జెర్రమ్‌కి ఈ మౌనం నచ్చలేదు. ఇక్కడో పియానో పడేస్తే మాటలు కలుస్తాయి కదా అనుకున్నాడు. అలా 2008లో బర్మింగ్‌హామ్ నగరంలో 15 పియానోలు జనం మధ్యకొచ్చాయి. 'నన్ను వాయించండి, నేను మీ సొత్తే' అని వాటి మీద రాయించాడు.

మన దగ్గర ఇంత ఖర్చక్కర్లేదు. కరెంటు పోతే చాలు, అపార్ట్‌మెంటంతా కారిడార్లోకొచ్చి ముచ్చట్లు మొదలెడుతుంది.

2009లో లండన్‌లో 30 పియానోలు, ఆ మరుసటేడు న్యూయార్క్‌లో 60. అసలు వినోదం లండన్‌ది. అక్కడి 2003 లైసెన్సింగ్ చట్టం ప్రకారం, జనం వాయించుకోవడానికి పియానో పెట్టడమంటే 'వినోద సదుపాయం' కల్పించడమే. దానికి లైసెన్సు కావాలి. అదే పబ్బులో గోడంత టీవీ పెట్టి ఫుట్‌బాల్ చూపిస్తే, వందమంది గొంతులు చించుకున్నా, ఆ ప్రసారానికి లైసెన్సు అక్కర్లేదు. నోరు తెరుచుకుని చూసేవాడు పౌరుడు, వేళ్లు కదిపేవాడు అనుమానితుడు! పార్లమెంటుకు జ్ఞానోదయం కావడానికి 2012 దాకా పట్టింది. లైవ్ మ్యూజిక్ చట్టం తెచ్చి ఆ మెలిక తీసేశారు. మైకు లేని పాటకు ఉదయం 8 నుంచి రాత్రి 11 దాకా అభయమిచ్చారు.

'మీ సొత్తే' అన్న పియానోకు చాలాచోట్ల గొలుసూ తాళమూ తప్పవు. చినుకు పడితే పట్టా కప్పడానికి వలంటీర్లుండాలి. చెమ్మ తగిలితే చెక్క ఉబ్బి, నొక్కిన మెట్టు పైకి రాదు. ఆ స్వరం వదిలేసి వాయించేవాడు వాయిస్తూనే ఉంటాడు. నిజంగా మంచి పనే, కాదనను. నా అసూయ పియానో మీద కాదు, దాని వెనకున్న ఫైలు మీద.

ఎందుకంటే ఫైలు లేని సంగీతం మన వీధిలోకీ వస్తుంది, ధనుర్మాసంలో. నోట్లో సన్నాయి, పక్కన డోలు, అద్దాల బొంత కప్పుకున్న గంగిరెద్దు. గేటెడ్ కమ్యూనిటీ వాచ్‌మన్ అడ్డం పడతాడు.

"ఏ ఫ్లాటు? ఎవర్ని కలవాలి? యాప్‌లో అప్రూవల్ వచ్చిందా?"

ఎద్దు తల ఊపుతుంది. ఊపితే చాలదు, రిజిస్టరు నింపాలి. 'వెహికల్ నంబర్' అన్న గడి దగ్గర వాచ్‌మన్ పెన్ను ఆగిపోతుంది. లోపల క్లబ్‌హౌస్‌లో అదే సాయంత్రం సంక్రాంతి సంబరాలు. థర్మాకోల్ గంగిరెద్దు పక్కన సెల్ఫీ పాయింట్. డీజే బాక్సుల్లో రికార్డు చేసిన సన్నాయి. రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్ మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పాపం, ఆ రంగురంగుల లైట్లలో డీజే బాబుకు అక్షరాలు ఎక్కడ కనిపిస్తాయి?

గంగిరెద్దుకు పేరు రాలేదని కాదు. నుదుట క్యూఆర్ కోడ్ కట్టుకున్న గంగిరెద్దు వీడియోను 2021లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ స్వయంగా ట్వీట్ చేశారు. డిజిటల్ చెల్లింపులు మారుమూలకీ చేరాయని దేశమంతా మురిసింది. సన్నాయిలో ఏ పాట వచ్చిందో అడిగిన నాథుడు లేడు.

కాబట్టి గంగిరెద్దులాయనకు ఓ ఉచిత సలహా. అన్నా, వచ్చే సంక్రాంతికి ఒట్టి చేతులతో రాకు. 'సంచార సంగీత ఇన్‌స్టలేషన్' అని ఓ ప్రాజెక్టు రిపోర్టు రాయించు. బొంత మీద ఓ బ్యాంకు పేరు కుట్టించు. ఎద్దుకో లోగో, నీకో మెడలో ట్యాగు. ప్రారంభోత్సవానికి ఓ కార్పొరేటర్. అప్పుడు చూడు, సొసైటీ సెక్రటరీగారే గేటు దాకా ఎదురొచ్చి దండ వేస్తారు. వాచ్‌మన్ సెల్యూట్ కొడతాడు. ఎద్దు తల ఊపాల్సిన పనే ఉండదు. స్పాన్సర్ ప్రసంగానికి మేమే ఊపుతాం.