ప్రీలాంచ్ ఆఫర్ గారికి బహిరంగ లేఖ

హైదరాబాద్

గౌరవనీయులైన ప్రీలాంచ్ ఆఫర్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా అలవాటు. ఈసారి ఆ మాట రాయలేకపోతున్నాను. మీ కుశలం రోజూ మా ఫోన్లలోకి వస్తూనే ఉంది, మావాళ్ల కుశలమే దెబ్బతింది. నేను సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసుకునేవాణ్ణి. మీ కాగితాలు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చినవాళ్ల ముఖాలు చూశాను కాబట్టి రాస్తున్నాను.

మొదట మేము మీకు చేసిన మేలు చెప్పాలి. ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఎక్కడో పొలంలో జెండాలు పాతి, షామియానా వేసి పిలిచారు. ఆదివారం పూట పిల్లాపాపలతో వచ్చాం. పునాది లేదు, హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) అనుమతి లేదు. బ్రోషర్ మాత్రం ఉంది. అనుమతి లేని ప్రాజెక్టుకు బ్యాంకు గృహరుణం ఇవ్వదు కాబట్టి బంగారం కుదువపెట్టాం, పీఎఫ్ తీశాం, ఊళ్లో పొలం అమ్మాం. మొత్తం ఒకేసారి కడితేనే ఈ రేటు అన్నారు, కట్టాం. డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మా పిల్లలు స్థలం కళ్లతో చూడకుండానే డబ్బు పంపారు. ఇంత నమ్మకం మేము సొంత అన్నదమ్ముల మీద కూడా పెట్టలేదు.

మా అక్క కొడుకు సంగతి చెబుతాను. "ఉండటానికి కాదు మామయ్యా, ఇన్వెస్ట్‌మెంట్ మొదలుపెడుతున్నా. లాంచ్ కాగానే అమ్మేస్తా" అన్నాడు. వాడికి మీరు చూపించిన లెక్క ఇది. 1,500 చదరపు అడుగుల ఫ్లాటు, అడుగు 4,000 చొప్పున 60 లక్షలు. అనుమతులొచ్చాక అడుగు 6,000, అంటే 90 లక్షలు. మధ్యలో 30 లక్షలు లాభం. కూడికలో తప్పేమీ లేదు. మీరు చూపించని లెక్క ఇంకొకటి ఉంది. 60 లక్షలకు నూటికి రూపాయి వడ్డీ వేసుకున్నా నెలకు 60 వేలు, ఏడాదికి 7 లక్షల 20 వేలు. నాలుగేళ్లు గడిస్తే 28 లక్షల 80 వేలు. మీరు చూపించిన ముప్ఫై లక్షల లాభం దాదాపు అంతా అక్కడే కరిగిపోయింది, ఫ్లాటు ఇంకా బ్రోషర్‌లోనే ఉంది. మావాడు ఇల్లు కొనలేదండీ, మీరు స్థలం కొనుక్కోవడానికి హామీ లేని అప్పిచ్చాడు. బ్యాంకు అయితే తనఖా అడిగేది. వాడు మిమ్మల్ని ఏమీ అడగలేదు.

పోనీ, అనుకున్న రోజుకే లాంచ్ అయిందనుకుందాం. అమ్మేస్తానన్నవాడికి కొనేవాడు దొరకాలి కదా! అదే వారం మీ బిల్డరు మిగిలిన ఫ్లాట్లన్నీ అమ్మకానికి పెడతాడు. అతని దగ్గర బ్యాంకు లోను సిద్ధం, షోఫ్లాటు సిద్ధం. మావాడి దగ్గర రసీదు ఉంది. దాన్ని ఇంకొకరి పేరు మీదికి మార్చాలంటే మళ్లీ బిల్డరే ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) ఇవ్వాలి, ట్రాన్స్‌ఫర్ ఛార్జీలు కట్టాలి. ఈ సంగతి షామియానా కింద ఎవరూ చెప్పలేదు.

ఇక నా వృత్తిని మీరు వాడుకున్న తీరు నన్ను ఎక్కువగా బాధపెట్టింది. యూడీఎస్ అంటూ ఎకరాల స్థలంలో ఒక్కొక్కరికి ముప్ఫై గజాలు, నలభై గజాలు విడదీయని వాటా రిజిస్టర్ చేయిస్తారు. ప్రభుత్వ ముద్ర, వేలిముద్రలు, ఫొటో అన్నీ ఉంటాయి గనుక చేతిలో ఇల్లున్నట్టే అనుకుంటారు కొన్నవాళ్లు. ఆ దస్తావేజులో ఫ్లాటు నంబరు ఉండదు, అంతస్తు ఉండదు, అసలు కట్టడం ఊసే ఉండదు. ఆ నలభై గజాలకు హద్దులు చూపించమంటే ఎవరూ చూపించలేరు. మీరు అనుమతి తేలేక చేతులెత్తేశాక, అందరం కలిసి వేరే బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇద్దామనుకుంటే వందలమంది సంతకాలు కావాలి. ఒకరు విదేశంలో ఉంటారు. ఒకరు పోయి ఉంటారు, ఆయన వారసులు వాటాల కోసం కోర్టులో ఉంటారు. ఒక్కరు ఒప్పుకోకపోయినా పని ఆగిపోతుంది. ఇదీ నయమే అనిపించే కేసులు కూడా వస్తాయి. కొందరికి మీరిచ్చింది నోటరీ చేయించిన ఎంఓయూ ఒక్కటే. దాని వల్ల గజం భూమి కూడా వాళ్ల పేరు మీదికి రాదు.

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం మీకు తెలియదని నేననుకోను. చిన్నాచితకా కట్టడాలకు తప్ప, రెరాలో నమోదు కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగు తీసుకోకూడదు, అమ్మకూడదు అంటుంది 3వ సెక్షను. అంటే మీ పుట్టుకే దానికి విరుద్ధం. అమ్మకం ఒప్పందం రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదంటుంది 13వ సెక్షను. మీరు నూరు శాతం తీసుకున్నారు. కొన్నవాళ్ల సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో వేసి, ఆ ప్రాజెక్టు స్థలానికీ నిర్మాణానికీ తప్ప వాడకూడదు. మీరు ఆ ఖాతా తెరవకముందే సొమ్ము తీసుకుని మరో ఊళ్లో మరో పొలానికి బయానా కట్టారు. నమోదు లేకుండా అమ్మినందుకు ప్రాజెక్టు అంచనా వ్యయంలో పది శాతం దాకా జరిమానా వేయవచ్చు. ఆ భయం కూడా మీకు లేకపోయింది.

ఇంకొక్క మాట. మా చుట్టాల్లోనే ఒకరిని ఎంచుకుని, కమీషను ఆశ చూపి, ఆయన నోటితో మమ్మల్ని పిలిపించారు. నమోదు లేని ప్రాజెక్టును ఏజెంటు కూడా అమ్మకూడదని ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు మా ఇంట్లో పెళ్లి జరిగితే ఆయన్ను పిలవాలా వద్దా అని తగువు. పోయిన సొమ్ముకు లెక్కుంది, దీనికి లెక్కలేదు.

కనుక నేను అడిగేది ఇది. 18వ సెక్షను ప్రకారం గడువుకు ఇల్లివ్వని చోట సొమ్ము వడ్డీతో తిరిగివ్వండి. రెరా ఉత్తర్వు వచ్చాక కట్టకపోతే భూమిశిస్తు బకాయిలా వసూలు చేసే వీలు చట్టంలో ఉంది, ఆ వసూలు కోసం మావాళ్లను కలెక్టరాఫీసు చుట్టూ తిప్పకండి. ఇకమీదట ఎవరి గుమ్మం తొక్కినా రెరా నంబరు ముందు చూపించండి. స్థలం ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు, అనుమతి పత్రం బల్లమీద పెట్టండి. పది శాతం తీసుకుని, అగ్రిమెంటు రిజిస్టర్ చేయించి, మిగతాది నిర్మాణం సాగేకొద్దీ తీసుకోండి. అలా వస్తే ఆ అగ్రిమెంటు నేనే రాసిపెడతాను.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి