జియస్ మీదైతే జోకు, ఇంద్రుడి మీదైతే కేసు

2024 ఆగస్టు 29న నెట్‌ఫ్లిక్స్‌లో ‘కేయాస్’ అనే ఎనిమిది భాగాల సీరీస్ వచ్చింది. అందులో గ్రీకు దేవతల రాజు జియస్ ట్రాక్‌సూట్ వేసుకుని తిరుగుతుంటాడు. నుదుటి మీద కొత్తగా పడ్డ ముడత చూసుకుని హడలిపోతాడు. అది తన పతనానికి సూచన అని ఆయనగారి భయం. పైగా తన పండగ నాడే ఎవరో తన స్మారకానికి అశుద్ధం పూశారు. ఇక జనానికి దైవభయం ఎలా నేర్పాలా అన్నదే ఆయన చింత.

మన ఊళ్లలో చూసినవాళ్లు పడీపడీ నవ్వారు. నవ్వి, కళ్లు తుడుచుకుని, వెంటనే ఒక ధర్మసూక్ష్మం సెలవిచ్చారు: “వాళ్ల దేవుళ్లు కాబట్టి చెల్లిందండీ. జియస్‌ని కొలిచేవాళ్లు ఎవరు మిగిలారు గనుక? మన దేవుళ్ల మీద తీసి చూడమనండి! మన పెద్దలు ఏనాడైనా దేవుళ్లతో వేళాకోళాలాడారా?”

ఈ మాట ఇంకెక్కడన్నా అంటే పోనీలే అనుకోవచ్చు. తెనాలి నడిబొడ్డున నిలబడి అంటే ఎలా?

ఆ ఊరి పేరునే ఇంటిపేరు చేసుకున్న కవి ఒకడున్నాడు. కాళికాదేవి వెయ్యి ముఖాలతో ప్రత్యక్షమైతే సాష్టాంగపడాల్సింది పోయి పకపకా నవ్వాడట. ఎందుకురా నవ్వుతావంటే, ఒక్క ముక్కుకి పడిశం పడితేనే రెండు చేతులూ చాలవు, వెయ్యి ముక్కులకీ పడితే నీ గతేమిటి తల్లీ అన్నాడట. అమ్మవారు తానూ నవ్వింది. ఫిర్యాదుకు పోలీసు స్టేషన్‌కి వెళ్లినట్టు మాత్రం ఏ కథలోనూ లేదు. ఆ నవ్వినవాడే ‘పాండురంగ మాహాత్మ్యం’ కూడా రాశాడు. భక్తికీ నవ్వుకీ ఒకే ఇంట్లో కాపురం కుదరదని అప్పటికింకా ఎవరూ కనిపెట్టలేదు కాబోలు.

తెనాలిలో రైలెక్కి లైను చివరిదాకా వెళితే రేపల్లె. కృష్ణుడి రేపల్లె యమున ఒడ్డుది, ఇది కృష్ణానది దగ్గరది; పేరైతే అదే కాబట్టి కథ గుర్తు చేసుకోవడంలో తప్పులేదు. ఏటేటా జరిగే ఇంద్రుడి యాగాన్ని ఒక పశువుల కాపరి పిల్లవాడు మాన్పించాడు. అంతే, మామూళ్లు ఆగిపోయిన అధికారిలా దేవేంద్రుడు ఊగిపోయి, ఏడు రోజులు ఏకధాటిగా వాన కురిపించి, చివరికి తల దించుకుని వచ్చి దండం పెట్టాడు. కొలుపు తగ్గితే కొంప మునిగినట్టు గంతులేసే దేవుడు! కేయాస్‌లో జియస్ పడే బాధ ఇదే కదా? తేడా అల్లా ట్రాక్‌సూట్. దీన్ని మనవాళ్లు భాగవతం దశమ స్కంధంలో పెట్టి పారాయణ చేస్తారు.

బాపట్ల సంగతీ చూద్దాం. అక్కడ పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి, పట్టుచీర కట్టి, సత్యభామగా నడిచి వస్తే జనం ఊగిపోయేవారు. 1956లో ప్రభుత్వం పద్మశ్రీ కూడా ఇచ్చింది. ఇంతకీ ఆ ‘శ్రీకృష్ణ తులాభారం’ కథేమిటి? పెళ్లాం మొగుణ్ని నారదుడికి దానమిచ్చేస్తుంది. నారదుడు జగన్నాథుణ్ని వీధిలో నిలబెట్టి అమ్మకానికి పెడతాడు. ఈ కథనే ఇవాళ ఓ కుర్రాడు వెబ్ సీరీస్‌గా తీస్తానని బయల్దేరితే మొదటి భాగం రాకముందే మనోభావాలు గాయపడి అంబులెన్సు ఎక్కుతాయి.

వీళ్లంతా సరదాకి నవ్వినవాళ్లు. త్రిపురనేని రామస్వామి చౌదరి సరదా మనిషి కాదు. డబ్లిన్‌లో బారిస్టరీ చదివొచ్చి, పురాణాలను బోనెక్కించి క్రాస్ ఎగ్జామినేషన్ చేశాడు. ‘కురుక్షేత్ర సంగ్రామం’లో న్యాయం కౌరవుల వైపు ఉందన్నాడు. ‘శంబూకవధ’లో రాముడినే నిలదీశాడు. తెనాలిలో కట్టుకున్న ఇంటికి సూతాశ్రమం అని పేరు పెట్టుకుని ‘సూతపురాణం’ రాశాడు. తిట్టినవాళ్లు తిట్టారు. ఊరు మాత్రం ఆయన్ను మునిసిపల్ చైర్మన్ని చేసింది. ఇప్పుడైతే వార్డు మెంబరు టికెట్టన్నా ఇస్తారా?

సినిమాకొస్తే చెప్పేదేముంది! కేయాస్‌లో పాతాళం నలుపు తెలుపుల్లో, క్యూలతో, సర్కారీ ఆఫీసులా ఉంటుందని విమర్శకులు అబ్బురపడ్డారు. అయ్యా, మన యమలోకం ఎప్పుడో ఆఫీసైపోయింది. 1960లో ‘దేవాంతకుడు’, 1977లో ‘యమగోల’. ఎన్టీఆర్ వెళ్లి అక్కడ యూనియన్ పెట్టించాడు. 1988లో ‘యముడికి మొగుడు’లో ఒకడికి బదులు ఇంకొకడి ప్రాణం తీసుకొచ్చిన పొరపాటు మీదే కథంతా నడిచింది. యముణ్ని ఏడిపించాడని ఎన్టీఆర్ మీద ఎవరూ అలగలేదు. కృష్ణుడి వేషంలో ఉన్న ఆయన క్యాలెండర్లు గోడల మీద అలాగే వేలాడాయి. 1983లో ముఖ్యమంత్రినీ చేశారు.

మరి ఈ కొత్త సున్నితత్వం ఎక్కడిది? 2024 జనవరిలో, రాముడు మాంసం తిన్నాడన్న డైలాగు మీద గొడవ రేగితే, ‘అన్నపూరణి’ అనే తమిళ సినిమాను ఇదే నెట్‌ఫ్లిక్స్ నుంచి తీసేశారు. అదే ఏడాది అదే దుకాణంలో జియస్ అవస్థలు అమ్మకానికొచ్చాయి. జియస్‌ని కొలిచేవాళ్లు లేరన్నదీ వట్టి మాటే: పాత దేవతలను కొలిచే ఆ మతాన్ని 2017లో గ్రీసు ప్రభుత్వం అధికారికంగా గుర్తించింది. భక్తులున్నారు, కాకపోతే మనకు తెలియదు. మనకు తెలియనివాడి దేవుడు మనకు కామెడీ అన్నమాట.

నా అనుమానం ఒకటే. గోవర్ధనాన్ని చిటికెన వేలి మీద మోసినవాడికి వాట్సాప్ ఫార్వర్డు అండ అక్కర్లేదు. ఆ అండ పేరు చెప్పి పెద్దరికం చలాయించే మేనేజర్లకే నవ్వంటే గుండెదడ. కేయాస్ ఎగతాళి కూడా అలాంటి పెద్దరికం మీదే. పాపం, ఆ సీరీస్‌కి రెండో సీజన్ లేదని అదే అక్టోబరులో తేల్చేశారు.

అదృష్టవశాత్తూ మనకు 1957 నాటి ‘మాయాబజార్’ ఉంది. అందులో కథ సగం వ్యాసుడికే తెలియదు. తెనాలి చక్రపాణి నిర్మాతల్లో ఒకరు. ముఖస్తుతికి పడిపోయే బలరాముడు తెనాలి దగ్గరి రావికంపాడు గుమ్మడి. అందులో సత్యపీఠం అని ఒకటుంటుంది. ఎక్కినవాడు మనసులోది దాచలేక కక్కేస్తాడు. శకునే కక్కాడు. అధికారులకు నా మనవి: మనోభావాల ఫిర్యాదు పట్టుకుని ఎవరొచ్చినా, ముందు దాని మీద నిలబెట్టి, ఆ తర్వాతే కాగితం తీసుకోండి.