లైకుల మధూకరం

మల్కాపురంలో మా పై వాటా మాస్టారు రిటైరయ్యారు. గొంతు మాత్రం ఇప్పుడే డ్యూటీలో చేరింది. కండెన్సర్ మైకు, కీబోర్డు, హెడ్‌ఫోన్లు దిగాయి. శబ్దం బయటికి పోదని గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించారు. (పోతోంది. అట్టలు గదిలో ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయేమో గానీ, కింది వాటాను కాపాడలేవు.)

మొన్న పద్నాలుగోసారి పల్లవి ఎత్తుకోగానే హార్బర్‌లో ఓడ కూసింది. అదీ రికార్డయింది. విన్నాను. మొత్తం పాటలో శ్రుతి తప్పనిది ఆ కూత ఒక్కటే. మాస్టారు దాన్ని చెరిపేసి, తన గొంతును సాఫ్ట్‌వేర్‌తో సరిచేయించారు. ఇప్పుడది ఆయన గొంతులా లేదు, ఎవరి గొంతులానూ లేదు.

1930ల్లో ఘంటసాల విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుంటూ మధూకరం ఎత్తారు. జోలె పట్టి ఇల్లిల్లూ తిరిగి అన్నం తెచ్చుకుని సాధన చేశారు. మా మాస్టారూ ఎత్తుతున్నారు, వాట్సాప్‌లో: "విని ఒక్క లైకు కొట్టండమ్మా!" సాధన సంగతి అడిగితే, "ట్రాక్ ఉంది కదండీ" అన్నారు. పక్కవీధి ఆయన పంపిన పాట విన్నారా అంటే, "టైమెక్కడిది? నాది నేను పాడుకోవాలి కదా!"

మాస్టారూ, ఈసారి వినకుండానే లైకు కొట్టేశాను. ఈ వారం స్టీల్‌ప్లాంట్‌లో నాకు సి షిఫ్టు. తెల్లారి వచ్చి పడుకుంటాను. మధ్యాహ్నం దాకా చరణం ఎత్తుకోకండి.