సూర్యుడికి ఎన్‌వోసీ

పొద్దున్నే విజయవాడ హైవే పట్టుకుని, ఎల్బీ నగర్ చౌరస్తా ఫ్లైఓవర్లు దాటి, కొత్తపేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి సూర్యుడికి ఒకటి తెలిసొస్తుంది: దిగడానికిక్కడ చోటు లేదు. డాబా మీద ఓ మూల నీళ్ల ట్యాంకులు, ఓ మూల సెల్ టవర్, మిగిలిన జాగాలో రేకుల షెడ్డు. అందులో గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్లు ఆరుగురు. రేకుల మీద పడే ఎండంతా వాళ్లకు ఉచితమే. దరఖాస్తు అక్కర్లేని పథకం అదొక్కటే.

ఢిల్లీకి మాత్రం మన డాబాల మీద బోలెడు జాగా కనిపించింది. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ అన్నారు, ఇంటి కప్పు మీద సౌర పలకల పథకం. కోటి ఇళ్లు, 75,021 కోట్ల రూపాయలు. సబ్సిడీ ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడైనా ముప్పయ్యైనా 78 వేలే. అర్హతంటారా, మరీ సులువు: సొంత ఇల్లుండాలి, పలకలు పట్టే కప్పుండాలి. మూడు కిలోవాట్లకు 300 చదరపు అడుగులు చాలు. ఆ 300 అడుగుల్లో మా పేటలో ఒక సంసారం గడిచిపోతుంది, ఇద్దరు పిల్లలతో సహా.

డబ్బు మాత్రం ముందు మనమే పెట్టుకోవాలి. పలకలు బిగించి, నెట్ మీటర్ తెచ్చుకుని, తనిఖీ అయ్యాక సబ్సిడీ ఖాతాలో పడుతుంది. ఆకలన్నవాడితో, ముందు హోటల్లో తినొచ్చి బిల్లు చూపించు, అప్పుడు అన్నం పెడతానన్నట్టు.

అద్దెకున్నవాడికి రాష్ట్రం గృహజ్యోతి ఇచ్చింది. తెల్లకార్డుంటే 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. 201వ యూనిట్ తిరిగిందా, మొత్తం కట్టాలి. నెలాఖరున మీటరు ముందు చేతులు కట్టుకుని నిలబడేంత మంది భక్తుల్ని సాయిబాబా గుడి దగ్గర కూడా చూడలేదు.

ఇక ఫ్లాటు ఓనరు. దస్తావేజులో విడదీయని వాటా గజాల్లో రాసుంది, ఆకాశం సంగతి లేదు. అసోసియేషన్‌కైతే లిఫ్టూ మోటారూ లాంటివాటికి కిలోవాట్‌కు 18 వేలిస్తారట. మీటింగు పెట్టారు.

"పలకలు మా నెత్తిన, కరెంటు మీ లిఫ్టుకా?" అన్నారు ఐదో అంతస్తు అంకుల్.

"మేం లిఫ్టే ఎక్కం కదండీ, మేమెందుకివ్వాలి?" అంది గ్రౌండ్ ఫ్లోర్ ఆంటీ.

"టెర్రస్ నేను అమ్మలేదే!" అన్నాడు ఫోన్లో బిల్డరు.

"ముందు నీళ్ల ట్యాంకరు బాకీ తేలనివ్వండి" అన్నాడు సెక్రటరీ. టీలొచ్చాయి.

పైన షెడ్డులో మధ్యాహ్నం రెండు గంటలు. బిల్లెక్కువొస్తుందని పగటి పూట ఫ్యాను ఓనరే ఆపించాడు. ఒక కుర్రాడు బిట్టు చదువుతున్నాడు: పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు సబ్సిడీ ఎంత?

"సి. డెబ్బై ఎనిమిది వేలు" అన్నారు మిగతా ఐదుగురూ ఏకకంఠంతో, బిట్‌బ్యాంకులతో విసురుకుంటూ.