ఓడల పన్నుని దేవరాపల్లి నుంచే ఆపడం ఎలా?

దేవరాపల్లి నుంచి సముద్రం కనబడదు. అదే మనకి కలిసొచ్చే సంగతి. కనబడనిదాని గురించి ఎంత గట్టిగా మాట్లాడినా అడ్డుపడేవాడుండడు. ఓడల పొగ మీద ప్రపంచమంతటా ఒకే పన్ను వేస్తామని లండన్‌లోని అంతర్జాతీయ నౌకాయాన సంస్థ అంటోంది కదా, అది మన దేశంలో చెల్లకుండా పార్లమెంటు చేత చట్టం చేయించే ఉపాయం చెబుతాను, రాసుకోండి.

ముందు జనాన్ని భయపెట్టాలి. రైవాడ జలాశయంలో చేపలు పట్టుకునేవాడి దగ్గరికెళ్ళి "నీ తెప్పకీ పన్నొస్తోందిరా" అనండి. అది 5,000 గ్రాస్ టన్నేజీ దాటిన ఓడలకేనని, అదీ పొగంతటికీ కాదు, ఏటేటా బిగిసే హద్దు మీరినదానికేనని, టన్నుకి 100 డాలర్లు, మరీ మీరితే 380 అని చదువుకున్న కుర్రాడెవడైనా అందుకుంటే, వాడికి టీ చెప్పి నోట్లో బిస్కెట్టు పెట్టేయండి.

తర్వాత బెల్లం. చోడవరం, అనకాపల్లి వైపు బెల్లం తగలకుండా ఏ వాదనా అతకదు. ఓడకి పన్నేస్తే దిమ్మ ధర పడిపోతుందనండి. మన దిమ్మ ఎక్కేది చాలామటుకు లారీయేనన్న సంగతి లారీవాడికి తప్ప ఎవరికీ గుర్తు రాదు.

చట్టానికి మాటలు కొత్తగా కట్టక్కర్లేదు. తన విమానాశ్రయాలకొచ్చే విదేశీ విమానాల పొగకీ ఐరోపా లెక్క కట్టబోతే, అమెరికా 2012లో ఏకంగా చట్టమే చేసింది. ఆ పథకంలో చేరొద్దని తమ విమాన సంస్థల్ని ఆపే అధికారం రవాణా మంత్రికిచ్చింది. నవంబరు 27న ఒబామా సంతకం పెట్టాడు. మన ఢిల్లీ కూడా ఆ ఏడాదే మన విమాన సంస్థల్ని లెక్కలివ్వొద్దంది. అప్పటి వాదన ఏమిటి? ఐరోపా ఒక్కటే వేయడమేమిటి, అందరూ కూర్చునే అంతర్జాతీయ సంస్థలో తేల్చండి అని. న్యాయమే. ఇప్పుడు ఓడల పన్ను అచ్చం అలాంటి సంస్థలోనే తేలబోతోంది. అమెరికా ఏమంటోంది? అంతర్జాతీయ సంస్థ మా మీద పన్నేయడమేమిటి అంటోంది! మీరూ రెండు వాదనలూ చెరో జేబులో పెట్టుకోండి. మీటింగులో తప్పు జేబులో చెయ్యి పెట్టకుండా ఉండడమే కష్టం.

ఇక్కడో చిన్న ఇబ్బంది. 2025 ఏప్రిల్‌లో ఓటింగు పెడితే 63 దేశాలు ఔనన్నాయి, 16 కాదన్నాయి. ఔనన్నవాళ్ళలో మనమూ ఉన్నాం. అది ఎత్తకండి, అక్టోబరు సంగతి ఎత్తండి. సౌదీ అడిగిన ఏడాది వాయిదా 57–49తో నెగ్గింది. అంతకుముందే అమెరికా, ఔనన్నవాళ్ళకి వీసాలు బిగిస్తాం, రేవుల్లో రుసుములేస్తాం అని బెదిరించింది. సొసైటీ ఎన్నికలు చూసినవాళ్ళకి ఇదేం కొత్త విద్య కాదు.

విశాఖ రేవుకొచ్చే విదేశీ ఓడకి ఏ పనామా జెండానో, లైబీరియా జెండానో ఉంటుంది, మన చట్టం దానికెలా తగులుతుందని అడిగేవాడొకడుంటాడు. మన జెండా ఓడైనా అవతలి రేవులో అడిగింది కట్టక తప్పదు కదా అనీ అంటాడు. ఐరోపా 2024 నుంచి తన రేవులకొచ్చే ఓడల పొగకి లెక్క కడుతూనే ఉంది మరి. జవాబు వెతక్కండి. 1948లో విశాఖలో నెహ్రూ నీళ్ళలోకి దింపిన మన ఓడ జలఉష పేరెత్తి కళ్ళు తుడుచుకోండి.

అసలు చిక్కు పూడిమడకతో. మన అనకాపల్లి జిల్లాలోనే, 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేసిన హరిత హైడ్రోజన్ కేంద్రం అది. రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్, దాన్నుంచి మిథనాల్ లాంటివి, అవన్నీ ముఖ్యంగా ఎగుమతికని చెప్పారు. అలాంటి ఇంధనాన్ని ఓడలు కొనాలంటే పొగచమురు ప్రియం కావాలి. మన చట్టం గట్టిగా పాసయితే దెబ్బ నేరుగా పూడిమడకకే. ఈ మాట ఎవరైనా అడిగారా, వెంటనే చెరకు బకాయిలు ఏమయ్యాయని కేకెయ్యండి. ఇక రాత్రి భోజనాల దాకా ఎవరూ ఓడ అనరు.