ఎర్ర గులాబీ పంచాయితీ: కొత్తగా చేరేవారికి కొన్ని సూచనలు

డిపెష్ మోడ్ అభిమానులు ఇద్దరు కలిస్తే మొదటి అయిదు నిమిషాలు పిల్లల చదువులు, ఇంటి అప్పు, మోకాళ్ల నొప్పులు. ఆరో నిమిషంలో ఎవరో ఒకరు ‘వయొలేటర్’ పేరెత్తుతారు. ఏడో నిమిషంలో, అందులో అన్నిటికంటే మంచి పాట ఏది అన్న ప్రశ్న వస్తుంది. ఇక ఆ పూట అన్నం చల్లారిపోయినట్టే. మీరు ఈ గుంపులోకి కొత్తగా వస్తున్నవారైతే, పాటలు విని నచ్చింది చెబితే సరిపోతుందని అనుకుంటున్నారేమో. వినడం చిన్న పని. ఆల్బమ్ మొత్తం గంట కూడా లేదు. తగువు మాత్రం ముప్ఫై అయిదేళ్లుగా నడుస్తోంది, తేలే సూచన లేదు. కాబట్టి కొంచెం తయారై వెళ్లడం మంచిది.

ముందు సరుకు చూసుకోండి. 1990 మార్చి 19న వచ్చింది. నల్లటి అట్ట మీద ఒకే ఒక్క ఎర్ర గులాబీ, లోపల తొమ్మిది పాటలు. ఇంగ్లండ్‌లో బాసిల్డన్ అనే ఊళ్లో సింథసైజర్లు ముందేసుకుని మొదలైన బృందం ఇది. మార్టిన్ గోర్ రాస్తాడు, డేవ్ గహాన్ పాడతాడు, తరవాత వచ్చి చేరిన ఆలన్ వైల్డర్ ఆ రాసినదానికి నాదం కట్టేవాడు. నాలుగోవాడు ఆండీ ఫ్లెచర్ ఏం చేసేవాడన్నది వేరే పంచాయితీ. ‘101’ అనే డాక్యుమెంటరీలో ఆయనే మిగతా ముగ్గురి పనులూ వరసగా చెప్పి, తాను మాత్రం ఊరికే తిరుగుతుంటానని నవ్వుతూ ఒప్పుకున్నాడు. బృందం పేరు ఒక ఫ్రెంచి ఫ్యాషన్ పత్రిక నుంచి తెచ్చుకున్నది. దాన్ని ఎలా పలికినా తప్పు పట్టేవాడు ఒకడుంటాడు, కాబట్టి ‘మోడ్’ దగ్గర గొంతు పెంచి ముందున్న మాటను మింగెయ్యండి. ఆల్బమ్ పేరు చూసి భయపడక్కర్లేదు. హెవీ మెటల్ వాళ్లు పెట్టుకునే భీకరమైన పేర్లను వెక్కిరించడానికి హాస్యానికి పెట్టామని గోరే చెప్పాడు. అయితే ఈ సంగతి వాదన మొదట్లోనే వాడేయకండి. గొంతులు లేచినప్పుడు నవ్వించడానికి ఒకటి దాచుకోవాలి.

ఇక మూలసూత్రం. మీకు నిజంగా నచ్చిన పాట పేరు ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పకండి.

ముఖ్యంగా ‘ఎంజాయ్ ది సైలెన్స్’ అనకండి. అదే మీ పాట కావచ్చు. ఆ గిటార్ మెలిక మొదలవగానే చేతిలో పని ఆగిపోవచ్చు. అయినా సరే. ఈ గుంపులో ఆ పేరు చెప్పినవాణ్ణి, తిరుపతి వెళ్లొచ్చి లడ్డూ బాగుందన్నవాణ్ణి చూసినట్టు చూస్తారు. బాగుండక ఏమవుతుంది? బ్రిటన్‌లో 6, అమెరికాలో 8వ స్థానం దాకా ఎక్కిన పాట. 1991లో బ్రిట్ అవార్డుల్లో ఉత్తమ సింగిల్. నలుగురికీ నచ్చిందే మనకూ నచ్చితే మన ప్రత్యేకత ఏమున్నట్టు?

పేరు చెప్పొద్దన్నాను గాని, ఆ పాట కథ మాత్రం కంఠతా పట్టండి. అవతలివాడు నోరు జారి ఆ పాట అనేసినప్పుడు, జాలిగా చూస్తూ వినిపించడానికి పనికొస్తుంది. గోర్ దాన్ని మొదట నెమ్మదైన పాటగా రాశాడు. డెమోలో హార్మోనియం, గొంతు, అంతే. హార్మోనియం అనగానే మనకు సురభి నాటకాలు కళ్లముందు ఆడతాయి గాని, ఇక్కడ పద్యం లేదు, రాగం తీయడం లేదు. ఏకాంతంలో కూర్చున్న మనిషి మెల్లగా చెప్పుకున్న మాటలా ఉండేది. వైల్డర్ విని, దీన్ని వేగం పెంచి కింద దరువు వేద్దాం అన్నాడు. గోర్ అలిగాడు. పాటంతా నిశ్శబ్దం గురించి, ప్రశాంతత గురించి. దాన్ని పరిగెత్తిస్తే అర్థమేముంది అన్నది అతని వాదన. ఇంట్లో పెళ్లికి పెద్దల మాట చెల్లనట్టు చివరికి అతని మాటా చెల్లలేదు. డెన్మార్క్ పల్లెసీమలో ఉన్న పుక్ స్టూడియోలో, వైల్డరూ నిర్మాత ఫ్లడ్డూ కూర్చుని పాటను తమకు కావలసినట్టు కట్టేసి, తరవాత గోర్‌ను పిలిచి గిటార్ ఏమన్నా వాయిస్తావా అన్నారు. ఆ వాయించిందే ఇవాళ లోకమంతా కూనిరాగం తీసే మెలిక.

నన్నడిగితే గోర్ వాదనలో తప్పేమీ లేదు. నిశ్శబ్దం గురించిన పాటకు దరువు ఎందుకన్నది న్యాయమైన ప్రశ్న. పాట వింటే మాత్రం వైల్డర్ గెలిచాడని ఒప్పుకోక తప్పదు. అంటే ఈ ఆల్బమ్ మీద జరిగిన మొట్టమొదటి వాదనలో ఓడినవాడు పాట రాసినవాడే. ఇంకో చమత్కారం, మాటల కంటే మౌనం మేలన్న ఆ పాట మీద వాదించినన్ని మాటలు మిగతా ఎనిమిదిటి మీద కలిపినా వాదించి ఉండరు.

మీకు పనికొచ్చే ముక్క ఇది. ఆ హార్మోనియం రూపాన్ని కూడా తరవాత విడుదల చేశారు. కాబట్టి ఎవరైనా ‘ఎంజాయ్ ది సైలెన్స్’ అంటే, “ఏది, హార్మోనియందా?” అని మామూలుగా అడగండి. “కాదు, అందరూ వినేదే” అని వాళ్లు నసిగితే, “ఓ, అదా” అనండి. ఇంకేమీ అనక్కర్లేదు.

‘పర్సనల్ జీసస్’ విషయంలో ఇంత కష్టం లేదు. అది వేదిక మీద పాట, ఇంట్లో పాట కాదు అనేసి దాటిపోండి. ప్రిసిల్లా ప్రెస్లీ తన భర్త ఎల్విస్ గురించి రాసిన పుస్తకం చదివి గోర్ దాన్ని రాశాడనీ, ఆ ధన్ ధన్ చప్పుడు కోసం వాయిద్యాలు మోసుకెళ్లే పెట్టెల మీద మనుషులు ఎగిరి దూకారనీ, బ్రిటన్ పత్రికల్లో వ్యక్తిగత ప్రకటనల మధ్య పాట పేరూ ఫోన్ నంబరూ వేసి, డయల్ చేసినవాళ్లకు పాట వినిపించారనీ చెప్పగలిగితే చాలు. గొడవ బాగా పెరగాలనుకుంటే, 2002లో జానీ క్యాష్ పాడిందే నయం అనండి. అన్నాక గుమ్మానికి దగ్గరగా కూర్చోండి.

లెక్కల మనిషైతే ‘పాలసీ ఆఫ్ ట్రూత్’ ఎంచుకోవచ్చు. బ్రిటన్‌లో 16, అమెరికాలో 15. వాళ్ల సింగిల్స్‌లో సొంత దేశం కంటే అమెరికాలో పై మెట్టు ఎక్కినది అదొక్కటే. ఒక్క మెట్టే గాని, ఆ మెట్టు మీద కూర్చుని అమెరికా అభిమాని గంటసేపు మాట్లాడగలడు.

మర్యాదస్తులు మాత్రం సింగిల్‌గా రాని పాటనే ఎన్నుకుంటారు. ‘హేలో’, ‘వెయిటింగ్ ఫర్ ది నైట్’, ‘క్లీన్’ ఈ కోవలోవి. వీటిని పొగడడానికి కొన్ని మాటలు దగ్గర పెట్టుకోండి: వాతావరణం, పొరలు, ఖాళీ జాగా, అనలాగ్ వెచ్చదనం. ఏ మాట ఏ పాటకన్నది ఎవరూ చూడరు. ‘క్లీన్’ అంటే, ఆ బేస్ వినగానే పింక్ ఫ్లాయిడ్ 1971 నాటి ‘వన్ ఆఫ్ దీజ్ డేస్’ గుర్తొచ్చిందని కలపండి. ‘వెయిటింగ్ ఫర్ ది నైట్’ అయితే టాంజరిన్ డ్రీమ్ పేరు తీయాలి. అందులో నీటి బుడగల్లా పైకి తేలే సీక్వెన్సర్ ఉంది, ఆ జర్మన్ల ప్రభావమే. చీకట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినాలి అని కళ్లు మూసుకోండి. నాలుగు సెకన్లు చాలు. ఎక్కువైతే కునుకు తీశారనుకుంటారు.

‘స్వీటెస్ట్ పర్ఫెక్షన్’, ‘బ్లూ డ్రెస్’ గోర్ స్వయంగా పాడినవి. మొదటిదాని మీద మీ అభిప్రాయం ఎవరూ అడగరు. రెండోది చివరి స్థానంలో పెట్టడానికి పనికొస్తుంది. ప్రతి జాబితాకూ అడుగున ఏదో ఒకటి ఉండాలి కదా. నేనూ చాలా ఏళ్లు దాన్ని అక్కడే పెట్టాను.

ఎదుటివాడి దగ్గర బ్రహ్మాస్త్రం ఉందేమో ముందే కనిపెట్టాలి. ఆ అస్త్రం పేరు “నేనక్కడున్నాను”. ఆల్బమ్ వచ్చిన మర్నాడు, 1990 మార్చి 20న, లాస్ ఏంజెలెస్‌లో లా సియెనెగా రోడ్డు మీద ఒక రికార్డుల దుకాణంలో బృందం సంతకాలు పెట్టడానికి కూర్చుంది. వేల మంది వచ్చిపడ్డారు. పోలీసులు దిగి కార్యక్రమాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆ సాయంత్రం అక్కడ నిలబడ్డానని చెప్పేవాడితో వాదించి గెలవలేరు. లైన్లో ఎన్నో వాడివి అని అడగండి. కథ మొదలవుతుంది, పాట సంగతి మరిచిపోతాడు.

ఒక్క ఎత్తు మాత్రం మీరు వెయ్యకండి, ఎదుటివాడు వేస్తే తిప్పికొట్టకండి. ఫ్లెచర్‌కు తమ పాటలన్నిటిలో ‘వరల్డ్ ఇన్ మై ఐస్’ ఇష్టం. ఆయన 2022 మే 26న పోయాడు. మరుసటి ఏడాది కచేరీల్లో ఆ పాట వచ్చినప్పుడల్లా వెనక తెరమీద కళ్లద్దాలతో ఆయన ముఖం కనిపించేది, వేల మంది చేతులెత్తేవారు. ఊరికే తిరుగుతుంటానన్న మనిషి లేకపోతే వేదిక ఎంత బోసిపోయిందో అందరికీ తెలిసింది. ఎవరైనా ఫ్లెచర్ పేరు తీసి ఆ పాట అంటే, వాదన ఆపి పాట పెట్టండి. ఇది వేళాకోళానికి చెబుతున్నది కాదు.

ఇన్ని చెప్పాక, ఇవి పనిచేస్తాయా అని మీరు అడగొచ్చు. పోయిన చలికాలం అమెరికాలోని ఎడిసన్‌లో మా బావ ఇంటి బేస్‌మెంట్‌లో పరీక్షించి చూశాను. బావ దగ్గర ఈ ఆల్బమ్ క్యాసెట్టు ఉంది. మడతలు పడి, అంచుల్లో తెల్లబడిపోయిన అట్ట. గులాబీ కూడా ఎరుపు తగ్గి ఇటుక రంగుకు దిగింది. క్యాసెట్ ప్లేయర్ ఎప్పుడో పాడైంది. పాటలు ఫోన్లోంచే, అట్ట మాత్రం ఒళ్లో పెట్టుకుని వింటాడు.

“చెప్పరా, ఏది?” అన్నాడు.

“క్లీన్,” అన్నాను, నేర్చుకున్న పాఠం ప్రకారం.

“అది పదేళ్ల కిందటి మాట. ఇప్పుడు అందరూ అదే అంటున్నారు.”

నాకు గుండె జారింది. ఈ చిక్కు సంగతి నాకెవరూ చెప్పలేదు. ఎవరూ ఎన్నుకోని పాటను అందరూ ఎన్నుకుంటే అది కూడా లడ్డూ అయిపోతుంది. “అయితే నువ్వు చెప్పు బావా,” అన్నాను.

బావ సమాధానం చెప్పకుండా ‘ఎంజాయ్ ది సైలెన్స్’ పెట్టాడు. నేను ఆశ్చర్యపోయాను. పాట జరుగుతున్నంతసేపూ చెయ్యి ఊపుతూ, ఇది కాదు, ఇది కాదు అన్నట్టు తల తిప్పుతూ కూర్చున్నాడు. పాట అయిపోయింది. అప్పుడు చూపుడువేలు పైకెత్తాడు. పాట ముగిశాక, తరవాతి పాట మొదలయ్యేలోపు, అట్టమీద పేరైనా లేని చిన్న ముక్క ఒకటి వస్తుంది. ఎక్కడో గోడ అవతల ఎవరో మరిచిపోయి వదిలేసిన యంత్రం మోగుతున్నట్టు ఉంటుంది.

“ఇదీ,” అన్నాడు బావ, వేలు దించకుండానే. “ఆల్బమ్ మొత్తానికి ఇదే.”

“అది పాట కాదుగా బావా!”

“అదే చెప్తున్నా.”

నేను బావ కాళ్లకు మొక్కాల్సినంత ఎత్తు అది. పేరు లేదు కాబట్టి ఎవరూ ముందుగా ఎన్నుకోలేదు, ఇక ముందు ఎన్నుకోవాలన్నా పేరు తెలియదు. నా హార్మోనియం అస్త్రం తీద్దామా అని ఆలోచిస్తుండగా, మెట్ల మీద అడుగుల చప్పుడయింది. అక్క. చేతిలో రెండు పళ్లేలు, వాటిలో మధ్యాహ్నం నుంచి మూడుసార్లు వేడిచేసిన పకోడీలు.

“ఇంకా అదే తగువా?” అంది. “బ్లూ డ్రెస్ మంచి పాట. అంతే.”

ఇద్దరం నవ్వాం. అడుగున పెట్టడానికే అందరం ఏకగ్రీవంగా ఒప్పుకున్న పాట అది.

అక్క పళ్లేలు బల్లమీద పెట్టింది. “అందులో వాడు ఏం కోరుకుంటాడు? ఆ నీలం గౌను వేసుకో, నేను చూస్తూ కూర్చుంటాను, సంతోషానికి ఇది చాలు అంటాడు. చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంటే కింద కార్లో కూర్చుని హారన్ కొట్టే మనిషికి ఆ పాట ఎలా ఎక్కుతుంది?” అని, బావ వైపు చూడకుండానే మెట్లెక్కి వెళ్లిపోయింది.

బావ కాసేపు అట్టమీద గులాబీ వైపు చూశాడు. తరవాత ఫోన్ తీసి ఎనిమిదో పాట పెట్టాడు.